తాత చేతిరాత: వణుకు కంటే ముందే వచ్చిన పార్కిన్సన్స్

ఈ ఛానల్ మొదటిసారి చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కల్లో పరిచయం. మాది కోదాడ. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఇప్పుడు అది మానేసి ఈ వీడియోలే చేస్తున్నా. మామూలుగా ఇక్కడ మన ఊళ్ల గురించి, చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ మాత్రం మా తాత గురించి, ఆయనకి వచ్చిన పార్కిన్సన్స్ జబ్బు గురించి చెప్తాను. కొంచెం పెద్ద ఎపిసోడే, ఓపిక పట్టండి.

ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం. 1755లో అదే తారీఖున జేమ్స్ పార్కిన్సన్ అనే ఇంగ్లిష్ డాక్టర్ పుట్టాడు. 1817లో ఆయన ఈ వణుకుడు జబ్బు మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఆరుగురి గురించి ఉంటుంది. గమ్మత్తేంటంటే ఆ ఆరుగురిలో అందరూ ఆయన పేషెంట్లు కాదు. కొందరిని ఆయన వీధిలో పోతుంటే చూశాడు, అంతే. ఆ నడక, ఆ వంగిన నడుము, ఆ చెయ్యి చూసి, వీళ్లందరికీ ఉన్నది ఒకటే జబ్బు అని పట్టుకున్నాడు. అప్పుడు స్కానింగులు లేవు, రక్తపరీక్షలు లేవు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు కూడా డాక్టర్లు ఈ జబ్బుని ముఖ్యంగా మనిషిని చూసే గుర్తుపడతారు.

అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పార్కిన్సన్స్ చెయ్యి వణకడంతో మొదలవదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే వస్తుంది. వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకి కనపడే గుర్తులే వదులుతుంది. మన దగ్గర ఆ గుర్తులన్నిటికీ పెట్టే పేరు ఒకటే ఉంది, "వయసు". ఆ పేరు పెట్టగానే ఇక ఎవరూ ఆ మనిషి వైపు సరిగ్గా చూడరు.

మా తాత మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో గుమస్తా. మిర్యాలగూడ అంటే రైస్‌మిల్లులు, అది అందరికీ తెలుసు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాల్వలకి నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద వరి పెరిగింది, వరితో పాటు మిల్లులూ పెరిగాయి. తాత ఆ కాలపు మనిషి. సోమవారం పొద్దున కోదాడలో బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయేవాడు, శనివారం రాత్రికి ఇంటికొచ్చేవాడు. లారీ నంబరు, బస్తాలెన్ని, వడ్లలో తేమ ఎంత, హమాలీలకి కూలి ఎంత, అన్నీ ఆయన రాయాల్సిందే. మిల్లులో ఆయన రాతకి పేరుంది. "ఈయన రాస్తే అచ్చేసినట్టుంటది" అనేవాళ్లట.

మిల్లు పుస్తకాలు మిల్లులోనే ఉంటాయి. కానీ ఇంటికి కూడా ఆయన పద్దుల పుస్తకం పెట్టేవాడు. ఏడాదికొకటి. పాలు, కిరోసిన్, నాన్న ఫీజు, అత్త పెళ్లికి తెచ్చిన అప్పు, నేను పుట్టినప్పుడు పంచిన స్వీట్లు, అన్నీ ఉన్నాయి. 2022లో ఆయన పోయాక ట్రంకుపెట్టె తీస్తే ముప్ఫైకి పైగా పుస్తకాలు బయటపడ్డాయి. నేను వాటిని ఏళ్ల వరసన నేల మీద పరిచి, ఒక్కో దాంట్లో ఒక్కో పేజీ ఫోటో తీశాను.

ఆ ఫోటోలన్నీ పక్కపక్కన పెడితే జబ్బు మొత్తం కనపడింది. 1990ల్లో అక్షరాలు గుండ్రంగా, గీతకీ గీతకీ మధ్య నిండుగా ఉన్నాయి. 2005 దాకా అంతే. 2006లో ఒక తేడా ఉంది. లైను మొదట్లో అక్షరం మామూలు సైజులోనే ఉంది. లైను చివరికొచ్చేసరికి సగమైంది. 2008లో ఒత్తులు పైఅక్షరంలో కలిసిపోయాయి. గుడికీ దీర్ఘానికీ తేడా లేదు. 2010 కల్లా పేజీ అంతా చీమలు పాకినట్టుంది. ఇంత జరిగినా చెయ్యి వణకడం 2011లో మొదలైంది. అంటే మనం "జబ్బొచ్చింది" అనుకున్న రోజుకి ఐదేళ్ల ముందే రాత చెప్పేసింది. డాక్టర్లు దీన్ని మైక్రోగ్రాఫియా అంటారు. రాసేకొద్దీ అక్షరం చిన్నదవుతూ పోవడం దాని లక్షణం.

తర్వాత నాయినమ్మని కూర్చోబెట్టి అడిగాను. ఆ రోజుల్లో ఇంకేమేం మారాయో గుర్తు చేసుకోమన్నాను. ఆమె చెప్పినవన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి.

మొదటిది వాసన. మిల్లులో ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడకబెడుతుంటే ఆ ఆవిరి వాసన చూసి తాత ఏ గోలెం ఎక్కువ నానిందో చెప్పేవాడట. అట్లాంటి మనిషి పక్కనే పోపు మాడుతున్నా కూర్చొని పేపర్ చదువుతున్నాడట. రెండోది నిద్ర. నిద్రలో అరవడం, చేతులు విసరడం, కాళ్లతో తన్నడం. కలలో ఎవరితోనో కొట్లాడుతున్నట్టు. మామూలుగా కలలు వచ్చేటప్పుడు మన ఒళ్లు కదలకుండా మెదడు ఆపేస్తుంది. ఆ తాళం వదులైతే కలలో చేసేది మంచం మీద చేస్తాం. చుట్టాలు మాత్రం గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మూడోది మలబద్ధకం, ఏళ్ల తరబడి. నాలుగోది నడక. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం మానేసింది. చెయ్యి ఒంటికి అతుక్కొని ఉండేదని నాయినమ్మ చూపించింది.

ఒక మాట జాగ్రత్తగా వినండి. వీటిలో ఏదో ఒకటి ఉంటే పార్కిన్సన్స్ అని కాదు. మలబద్ధకం లక్షమందికి ఉంటుంది. జలుబు చేస్తే వాసన పోతుంది. కానీ మూడు నాలుగు కలిసి, ఒకే మనిషిలో, కొన్నేళ్లుగా ఉంటే న్యూరాలజిస్ట్‌కి చూపించాలి. అంతే నేను చెప్పేది.

సరే, చెయ్యి వణకడం మొదలైంది. ఊరికే కూర్చున్నప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్ర నలుపుతున్నట్టు కదిలేవి. గ్లాసు పట్టుకోగానే ఆగేవి. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికి ఇంజక్షన్లు ఇచ్చాడు. తర్వాత సూర్యాపేటలో అత్త వాళ్లింట్లో ఉండి ఒక డాక్టర్‌కి చూపించారు. ఆయన నరాల బలహీనత అన్నాడు. ఇంకొకాయన భుజం పట్టేసిందని ఏడాది పాటు భుజానికే వైద్యం చేశాడు. భుజం నొప్పితో మొదలయ్యే పార్కిన్సన్స్ చాలామందిలో ఉంటుందని మాకు తర్వాత తెలిసింది. ఊళ్లో అందరూ చెప్పింది ఒకటే. "అరవై దాటినయ్, ఇంకేం కావాలె?"

2012లో నాన్న తాతని హైదరాబాద్ పంజాగుట్టలో నిమ్స్‌కి తీసుకుపోయాడు. కోదాడ నుంచి దాదాపు 180 కిలోమీటర్లు, తెల్లవారుజామున బస్సు. అక్కడ న్యూరాలజిస్ట్ తాతని వరండాలో ఆ చివరిదాకా నడిచి రమ్మన్నాడు. వేళ్లు టకటకా కొట్టమన్నాడు. ఒక సుడి గీయమన్నాడు. చివరికి తెల్లకాగితం ఇచ్చి, "మీ పేరు, ఊరు, ఏం పని చేస్తరో రాయండి" అన్నాడు. తాత రాశాడు. డాక్టర్ కాగితం చూసి, పాత రాత ఏదన్నా ఉందా అని అడిగాడు. నాన్న జేబులో తాత ఎప్పుడో రాసిచ్చిన అడ్రస్ చీటీ ఉంది. రెండూ పక్కన పెట్టి చూశాడు. జబ్బు పేరు అప్పుడు చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో తాత ఏం మాట్లాడలేదట. బస్సు సూర్యాపేట బస్టాండ్‌లో ఆగినప్పుడు నాన్నని అడిగాడట, "రాత మొత్తం పోతదా?" అని. ప్రాణం గురించి అడగలేదు. రాత గురించి అడిగాడు.

ఇప్పుడు కొంచెం సైన్స్. మెదడు అడుగుభాగంలో నల్లగా కనపడే చిన్న ప్రాంతం ఉంటుంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనం తయారు చేస్తాయి. మనం ఆలోచించకుండా చేసే కదలికలన్నీ, అంటే నడవడం, రెప్ప వేయడం, నవ్వడం, సాఫీగా జరగాలంటే అది కావాలి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు మెల్లమెల్లగా చనిపోతాయి. వణుకు కనపడేసరికే పెద్ద భాగం పోయి ఉంటుంది. డోపమిన్‌ని నేరుగా మాత్రగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి పోదు. దానికి ముందు రూపమైన లెవోడోపా పోతుంది. 1960ల చివర్లో జార్జ్ కోట్జియాస్ అనే డాక్టర్ లెవోడోపాని కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చి, కదల్లేని మనుషులు కదలడం చూపించాడు. ఇప్పటికీ ముఖ్యమైన మందు అదే. మన దగ్గర సిండోపా లాంటి పేర్లతో దొరుకుతుంది. అందులో లెవోడోపాతో పాటు కార్బిడోపా అనే ఇంకో మందు ఉంటుంది. లెవోడోపా దారిలోనే ఖర్చయిపోకుండా అది కాపాడుతుంది.

మన చేల గట్ల మీద దూలగొండి తీగ ఉంటుంది, గుర్తుందా? కాయ తగిలితే ఒళ్లంతా దురద. ఆ గింజల్లో లెవోడోపా ఉంటుంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ గింజల్లోంచి దాన్ని వేరు చేసి చూపించారు. ఆయుర్వేదంలో కంపవాతానికి ఇదే గింజ వాడతారు. అట్లాగని ఇంట్లో పొడి కొట్టుకొని తాగకండి. ఎంత గింజలో ఎంత మందు ఉందో మనకి తెలియదు. మాత్రలు వాడుతూ ఇది కూడా తీసుకుంటే మోతాదు మీద పడుతుంది.

ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతారు. ఎక్కువమందిలో ఇదీ కారణం అని ఒక్కటి చెప్పలేరు. కొందరిలో జన్యువులు. పురుగుమందులతో సంబంధం ఉందని చాలా పరిశోధనలు చెప్తున్నాయి, పారాక్వాట్, రొటెనోన్ పేర్లు ఎక్కువగా వినపడతాయి. తాతకి రెండెకరాల పొలం ఉండేది, మందు తనే కొట్టేవాడు, మూతికి తువ్వాలు కట్టుకొని. దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. కానీ కాల్వల కింద వ్యవసాయం చేసేవాళ్లు చేతులకి గ్లౌజులు, ముక్కుకి మాస్కు లేకుండా మందు కొట్టకూడదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

మాత్రలు మొదలుపెట్టాక ఐదారేళ్లు బాగున్నాడు. తర్వాత మాత్ర పనిచేసే టైం తగ్గుతూ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో నేను లాప్‌టాప్ పట్టుకొని కోదాడ వచ్చేసరికి రోజుకి ఆరు డోసులు. పొద్దున ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది. నా ఫోన్లో మీటింగుల అలారాలు, తాత మాత్రల అలారాలు ఒకదాని వెనక ఒకటి మోగేవి. మాత్ర వేసిన నలభై నిమిషాలకి తాత లేచి గేటు దాకా పోయి, పేపర్ తెచ్చుకొని, చదివి, రాజకీయాల మీద నాతో వాదన పెట్టుకునేవాడు. రెండున్నర గంటలయ్యేసరికి మెల్లగా బిగుసుకుపోయేవాడు. ఒకే రోజులో ఇద్దరు మనుషులు. డాక్టర్లు దీన్ని ఆన్, ఆఫ్ అంటారు. నేను దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో రాసి న్యూరాలజిస్ట్‌కి వాట్సాప్‌లో పంపితే, ఆయన దాన్ని బట్టే డోసులు మార్చేవాడు. మీ ఇంట్లో పేషెంట్ ఉంటే ఈ పని చేయండి. కాగితం మీద రాసినా చాలు.

తిండి కూడా లెక్కే. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం, వీటిలో ఉండే ప్రోటీన్ లెవోడోపాతో పోటీపడుతుంది. పప్పన్నం తిన్న వెంటనే మాత్ర వేస్తే కొందరికి అసలు పనిచేయదు. అందుకే మాత్ర తిండికి అరగంట ముందు, లేదా గంట తర్వాత. పప్పన్నం పెరుగన్నం లేకుండా తాతకి భోజనమే కాదు. నాయినమ్మ పప్పుని రాత్రికి మార్చింది, పగలు చారు, కూరగాయలు. ఏ డైటీషియనూ చెప్పలేదు, ఆయన ఏ పూట బిగుసుకుపోతున్నాడో చూసి తనే మార్చింది. తర్వాత డాక్టర్ విని సరైన పనే అన్నాడు.

ఇంకోటి. తాత నడుస్తూ నడుస్తూ గడప దగ్గర ఆగిపోయేవాడు. కాళ్లు నేలకి అంటుకుపోయినట్టు. మనం చెయ్యి పట్టి లాగితే పడిపోతారు, లాగకండి. ఒకరోజు నాయినమ్మ వాకిట్లో అడ్డగీతల ముగ్గు వేసింది. లోపలి గడప దాటలేని మనిషి ఆ గీతలు మాత్రం ఒక్కోటి దాటుకుంటూ టకటకా నడిచాడు! మేమంతా నోళ్లు తెరుచుకొని చూశాం. ఆ సాయంత్రమే ఆమె మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా అడుగుకొక గీత సున్నంతో గీసింది. తర్వాత చదివితే తెలిసింది, జేమ్స్ పర్డన్ మార్టిన్ అనే డాక్టర్ ఇదే విషయాన్ని 1967లోనే పుస్తకంలో రాశాడని. ఆలోచించకుండా నడిచే దారి మెదడులో పాడైనా, గీతని చూసి దాటే దారి వేరే ఉంటుంది.

అన్నిటికంటే కష్టం మొహం. మొహంలో కండరాలు కూడా బిగుసుకుపోతాయి కాబట్టి నవ్వు రాదు, ఆశ్చర్యం కనపడదు. మిర్యాలగూడలో మిల్లు స్నేహితుడి మనవరాలి పెళ్లికి పోయాం. పాతోళ్లందరూ వచ్చి పలకరించారు. తాత చూస్తూ కూర్చున్నాడు. వెనక ఎవరో అన్నారు, "కొడుకులు సంపాదిస్తున్నరు కదా, గర్వమొచ్చింది". కారులో వచ్చేటప్పుడు ఒకాయన చెప్పిన పాత జోకు గురించి నాన్న ఎత్తాడు. తాత చాలా సేపటికి, చిన్న గొంతుతో అన్నాడు. "నవ్విన బిడ్డా. బయటికి రాలే."

ఈ ఎపిసోడ్‌లో మీకు ఒక్క మాటే గుర్తుంటే ఇది గుర్తుంచుకోండి. మొహం కదలట్లేదంటే లోపల ఏం లేదని కాదు.

2021లో ఒక ఇబ్బంది జరిగింది, అది మీకు పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా. వాంతులవుతున్నాయని తాతని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. పేరు అనవసరం. నోటి ద్వారా ఏం ఇవ్వొద్దని పార్కిన్సన్స్ మాత్రలు కూడా ఆపేశారు. వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇంజక్షన్ ఇచ్చారు. అది మామూలు వాళ్లకి మామూలు మందే. కానీ మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటుంది. ఒక్క రోజులో తాత కట్టెలా అయిపోయాడు, మింగలేకపోయాడు. నాన్న హైదరాబాద్ డాక్టర్‌కి ఫోన్ చేసి ఇక్కడి డాక్టర్‌తో మాట్లాడించాడు. ఆ ఇంజక్షన్ ఆపి, ముక్కు గొట్టం ద్వారా మాత్రలు మొదలుపెడితే రెండ్రోజులకి తేరుకున్నాడు. పార్కిన్సన్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ ఆస్పత్రుల్లో మాత్రలు టైంకి ఇవ్వాలని ప్రత్యేకంగా ప్రచారమే నడుపుతోంది. మనం చేయగలిగింది, ఒక కార్డు మీద జబ్బు పేరు, మాత్రలు, టైములు, ఇవ్వకూడని మందులు రాసి చొక్కా జేబులో పెట్టడం. వాంతులకైతే డోంపెరిడోన్ లాంటివి ఉన్నాయి, డాక్టర్ని అడగండి.

చివరి ఏడాది తాతకి లేనివి కనపడేవి. ఇది కూడా జబ్బులో భాగమే, మందుల వల్ల కూడా వస్తుంది. సాయంత్రమైతే వాకిట్లో లారీ ఆగినట్టు, హమాలీలు బస్తాలు దించుతున్నట్టు కనపడేది. భయపడేవాడు కాదు, కంగారు పడేవాడు. "లెక్క రాయాలె, ఎవరూ రాస్తలేరు." డాక్టర్‌కి చెప్పాం. ఆయన కొన్ని మాత్రలు తగ్గించి, భయపెట్టే దృశ్యాలు కాకపోతే వాదించకండి అన్నాడు. నేను పద్దుల పుస్తకం తెచ్చి పక్కన కూర్చునేవాణ్ణి. తాత వేలు ఎత్తి ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు, నేను రాసేవాణ్ణి. ఒకరోజు నలభై రెండు బస్తాలు. ఇంకోరోజు నూటపది. రాసి చూపిస్తే కళ్లు దగ్గరగా పెట్టి చూసి, "అంకెలు పెద్దగ రాయి" అనేవాడు. ఆ పుస్తకంలో చివరి పేజీలన్నీ నా రాతే.

2022 చలికాలంలో మింగింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. ఈ జబ్బులో చాలామందికి చివర అదే వస్తుంది. ఇంటికి తెచ్చుకున్నాం. మూడో రోజు పొద్దున పోయాడు. నాయినమ్మ ఆరింటి మాత్ర చేతిలో పెట్టుకొని ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. పాతికేళ్లలో రెట్టింపయింది. మనకి దగ్గర్లో దారులు ఉన్నాయి. 2019 నుంచి సూర్యాపేటలో, నల్గొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. ముందు అక్కడ చూపించుకోవచ్చు. నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది, అవసరమైనవాళ్లకి మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ కూడా చేస్తారు. అన్నట్టు, ఆన్ టైం పెంచడానికి ఇప్పుడు అమెరికా, యూరప్‌లో కూడా వాడే సఫినమైడ్ అనే మందు మీద 2014లో వచ్చిన ముఖ్యమైన పరిశోధనలో మొదటి పేరు నిమ్స్ డాక్టర్ రూపమ్ బొర్గొహైన్‌ది. ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. యూడీఐడీ కార్డుకి దరఖాస్తు చేయొచ్చు, చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఈ వారం మీకు ఒక చిన్న పని. ఇంట్లో అమ్మానాన్నలు, తాతా నాయినమ్మలు ఎవరుంటే వాళ్లతో ఒక తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాయించండి. పదేళ్ల కింద వాళ్లు రాసినదేదైనా ఉంటే పక్కన పెట్టి చూడండి. చదువు రానివాళ్లయితే నడిచేటప్పుడు రెండు చేతులూ ఊగుతున్నాయో లేదో చూడండి. తేడా లేకపోతే సంతోషం, ఓ పాత కబురు చెప్పించుకున్నట్టు ఉంటుంది. తేడా ఉంటే వయసు అని వదిలేయకండి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

మీ ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే, మీరు ఎట్లా చూసుకుంటున్నారో రాయండి. నాయినమ్మ ముగ్గులాంటి ఉపాయాలు మీ దగ్గర కూడా ఉండే ఉంటాయి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటా మరి. నమస్తే.